యానిమేషన్ ధారావాహికలకు ర్యాంకులు కట్టే పద్ధతి

పది కార్టూన్ ధారావాహికల పేర్లను ఒకదాని కింద ఒకటి రాయడం ఐదు నిమిషాల పని. ఆ వరుసను ఒంగోలులో పదో తరగతి చదివే అబ్బాయి ముందూ, కావలిలో నలభై దాటిన ఉపాధ్యాయురాలి ముందూ, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పండుగకు నెల్లూరు వచ్చిన ఇంజనీరు ముందూ పెట్టి, ప్రతి స్థానానికీ కారణం చెప్పి ఒప్పించడానికి మాత్రం ఒక పద్ధతి కావాలి. అబ్బాయి డోరేమాన్ మొదటి స్థానంలో ఎందుకు లేదని అడుగుతాడు. ఉపాధ్యాయురాలు చిన్నప్పుడు ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో చూసిన మోగ్లీ కోసం వెతుకుతారు. ఇంజనీరు జపాన్ ధారావాహికల పేర్లు అరడజను చెప్పి, అవి లేనిది జాబితాయే కాదంటారు. ముగ్గురి అభిమానమూ నిజమైనదే. అయితే ముగ్గురూ పట్టుకున్న కొలబద్దలు వేరు.

అందువల్ల పని మొదలుపెట్టే ముందు రెండు నోటుపుస్తకాలు సిద్ధం చేసుకోవాలి. ఒకటి నాణ్యతకు, రెండవది సాంస్కృతిక ప్రభావానికి. రెండింటికీ మార్కులు వేసి సగటు తీయడం చాలామంది చేసే పని. దానిని నేను సిఫారసు చేయను. నాణ్యతకు 8, ప్రభావానికి 4 వచ్చిన ధారావాహికా, నాణ్యతకు 4, ప్రభావానికి 8 వచ్చిన ధారావాహికా సగటులో పక్కపక్కనే నిలుస్తాయి. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాయే పాఠకుడికి తెలియవలసిన సంగతి, సగటు దానినే చెరిపివేస్తుంది. నేను పాటించే నియమం వేరు: జాబితాలోకి ప్రవేశం నాణ్యతను బట్టి, ప్రవేశించిన తరువాత క్రమం ప్రభావాన్ని బట్టి ఉండాలి. ప్రపంచమంతటా పేరు మోగినా పనితనం సామాన్యంగా ఉన్నది లోపలికి రాదు. పనితనం గొప్పదై, లోకం మీద ముద్ర తక్కువగా ఉన్నది లోపలికి వస్తుంది, కానీ కింది మెట్టు మీద నిలుస్తుంది.

ఏది ధారావాహిక, ఏది కాదు

మన జిల్లాల్లో ఎవరిని అడిగినా మొట్టమొదట వినిపించే పేరు టామ్ అండ్ జెర్రీ. జాబితా కట్టేవారికి తొలి చిక్కు అక్కడే ఎదురవుతుంది. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా 1940లో ఎం.జి.ఎం. అనే హాలీవుడ్ సినిమా సంస్థలో ప్రారంభించిన ఆ పిల్లి, ఎలుకల కథలు సినిమాహాళ్ళలో ప్రధాన చిత్రంతో పాటు చూపించడానికి తీసిన లఘుచిత్రాలు. వాటిలో ఏడింటికి ఆస్కార్ పురస్కారాలు వచ్చాయి. టెలివిజన్ ఆ చిత్రాలను తరువాతి కాలంలో తెచ్చి ప్రసారం చేసింది. సినిమా ఖర్చుతో, తీరికగా గీసిన ఏడెనిమిది నిమిషాల చిత్రాన్ని వారం వారం గడువుకు అందించవలసిన టెలివిజన్ ఎపిసోడ్‌తో పోల్చడం రెండింటికీ అన్యాయమే అవుతుంది. కాబట్టి టామ్ అండ్ జెర్రీని ఎంత ప్రేమించినా జాబితాకు బయట, ప్రత్యేక గౌరవంతో ఉంచడమే సరైనది. 1974లో ఫిల్మ్స్ డివిజన్ తీసిన, దూరదర్శన్‌లో ఎన్నోసార్లు వచ్చిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’కూ ఇదే వర్తిస్తుంది, అది ఒకే ఒక లఘుచిత్రం. అయితే 1986లో దూరదర్శన్ ప్రసారం చేసిన ‘గాయబ్ ఆయా’ అర్హమైనది, ఎందుకంటే భారతదేశంలో తయారైన తొలి యానిమేషన్ ధారావాహికగా దానికి పేరుంది.

అర్హత నియమాన్ని జాబితాకు పైన ఒకే వాక్యంలో రాసి పెట్టాలి: టెలివిజన్ కోసం లేదా ఇంటర్నెట్ ప్రసార వేదిక కోసం తయారై, ఎపిసోడ్లుగా విడుదలైనది మాత్రమే. ఈ వాక్యం ముందే ఉంటే సగం వాదనలు మొదలుకావు.

నాణ్యతను చూడడం

నాణ్యత తెలియాలంటే కూర్చుని చూడవలసిందే. పురస్కారాల పట్టికలు, ఇతరుల జాబితాలు చూసిన తరువాత చదవవచ్చు గానీ చూడకముందు చదివితే మన కన్ను వాటి మాట వింటుంది. కథ ఒకే దారంగా సాగే ధారావాహికలను మొదటి నుంచి చివరి వరకు వరుసగా చూడాలి. ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ 2005 నుంచి 2008 వరకు మూడు భాగాలుగా వచ్చిన 61 ఎపిసోడ్ల కథ, మొత్తం చూడడానికి దాదాపు 24 గంటలు పడుతుంది. వేసవి సెలవుల్లో, నెల్లూరు ఎండకు మధ్యాహ్నాలు ఎవరూ గడప దాటని రోజుల్లో, రోజుకు రెండు గంటల చొప్పున రెండు వారాలలో ముగించవచ్చు. జపాన్‌లో 1969 నుంచి వస్తూ, అత్యంత దీర్ఘకాలం సాగుతున్న యానిమేషన్ ధారావాహికగా గిన్నిస్ గుర్తింపు పొందిన ‘సజాయే సాన్’ వంటి దానిని మొత్తం చూడడం ఎవరి వల్లా కాదు. అటువంటి వాటికి తొలి ఎపిసోడ్, మధ్య కాలానివి కొన్ని, అభిమానులు మెచ్చినవి కొన్ని, కంటికి కనిపించిన చోట తీసుకున్నవి కొన్ని కలిపి చూడాలి. ఈ చివరి రకాన్ని వదిలిపెట్టకూడదు, ఎందుకంటే ధారావాహిక సాధారణ స్థాయి ఏమిటో చెప్పేవి అవే.

బొమ్మ కదలికను తీర్పు చెప్పేటప్పుడు దాని వెనుక ఉన్న డబ్బునూ కాలాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు కదులుతాయి. సంపూర్ణ యానిమేషన్‌లో సెకనుకు 12 నుంచి 24 కొత్త బొమ్మలు గీస్తారు; జపాన్ టెలివిజన్ ధారావాహికలలో అదే బొమ్మను మూడు చిత్రాల పాటు నిలిపి, 8 బొమ్మలతో సరిపెట్టడం మామూలు. 1957లో ఎం.జి.ఎం. తన కార్టూన్ విభాగాన్ని మూసివేసిన తరువాత హన్నా, బార్బెరాలు సొంత సంస్థ పెట్టి టెలివిజన్‌కు వచ్చారు. చేతిలో ఉన్న డబ్బు మునుపటిలో చిన్న వంతు మాత్రమే. అందుకే వారి పాత్రలకు మెడలో కాలరో, టైయో కనిపిస్తుంది: మెడ దగ్గర గీత ఉంటే మొండేన్ని అలాగే ఉంచి తలను మాత్రమే మళ్ళీ గీయవచ్చు. వారి ఎలుగుబంటి పాత్ర యోగి బేర్ మెడలో టై ఉండడానికి కారణం ఇదే. తోలుబొమ్మలాటలో మొండెం కదలకుండానే ఒక్క చేతి కీలును ఆడించి కోపాన్నీ గర్వాన్నీ పలికించే ఆటగాడి నేర్పు ఎటువంటిదో, పరిమిత యానిమేషన్‌లో నేర్పు కూడా అటువంటిదే. కదలిక తక్కువగా ఉందని మార్కులు తగ్గించకూడదు. ఉన్న కదలిక పాత్ర మనసును చెప్పిందా లేదా అన్నదే ప్రశ్న.

ఇందుకు ఒక సులభమైన పరీక్ష ఉంది. ఒక ఎపిసోడ్‌లో ఐదు నిమిషాలు శబ్దం పూర్తిగా తీసివేసి చూడండి. ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారో, ఏ పాత్ర భయపడుతోందో తెలిస్తే చిత్రకారులు తమ పని చేశారని అర్థం. తరువాత మరో ఐదు నిమిషాలు తెర వైపు చూడకుండా వినండి. పాత్రలు గొంతును బట్టి, మాటతీరును బట్టి వేరువేరుగా తెలిస్తే రచయితలూ గాత్రధారులూ తమ పని చేశారు. 1992లో ప్రారంభమైన ‘బ్యాట్‌మన్: ది యానిమేటెడ్ సిరీస్’ ఈ రెండు పరీక్షలలోనూ నెగ్గుతుంది. దాని నేపథ్య చిత్రాలను తెల్ల కాగితం మీద కాకుండా నల్ల కాగితం మీద లేత రంగులతో వేశారు. అందువల్ల గోథమ్ నగరంలో చీకటే సహజమనీ, వెలుగే అరుదుగా వచ్చేదనీ మాట లేకుండానే తెలుస్తుంది. ఇసావో తకహాతా దర్శకత్వంలో 1974లో వచ్చిన ‘హైదీ’ కోసం చిత్రబృందం స్విట్జర్లాండ్ వెళ్ళి కొండలను, ఇళ్ళను చూసి వచ్చింది; దృశ్యాల కూర్పు హయావో మియజాకి చేశారు. 52 ఎపిసోడ్లలో ఒక చిన్న పిల్ల రొట్టె తినడం, మేకల వెంట నడవడం, గడ్డి పరుపు మీద నిద్రపోవడం అంత ఓపికగా చూపించిన ధారావాహిక మరొకటి నా ఎరుకలో లేదు. అవతార్‌లో నీటిని, నేలను, నిప్పును, గాలిని ఆడించే నాలుగు విద్యలకు నాలుగు వేరువేరు చైనా యుద్ధకళలను ఆధారం చేసుకున్నారు. అందుకే ఆయుధం లేకుండా నిలబడ్డ తీరును బట్టే పాత్ర ఏ జాతికి చెందినదో పోల్చుకోవచ్చు.

దీర్ఘకాలం సాగినవాటికి ఇంకో చిక్కు ఉంది. ‘ది సింప్సన్స్’ 1989 డిసెంబరులో మొదలై ఇప్పటికీ సాగుతోంది. దాని తొలి ఎనిమిది, తొమ్మిది సీజన్లలో ఉన్న పదును తరువాత లేదన్నది అభిమానులే ఎక్కువగా చెప్పే మాట, నా అభిప్రాయమూ అదే. అటువంటప్పుడు అత్యుత్తమ నిరంతర కాలాన్ని ప్రవేశానికి ప్రమాణంగా తీసుకుని, ఏ సీజన్ నుంచి ఏ సీజన్ వరకు అన్నది పేరు పక్కనే రాయాలి. తరువాతి సంవత్సరాల బలహీనత ముందటి పనిని చెరపలేదు. అయితే నిరంతర కాలం రెండు సీజన్లకు తగ్గకూడదు. నాలుగు గొప్ప ఎపిసోడ్లతో ఏ ధారావాహికా గొప్పదైపోదు.

మన భాషలో చూసిన దానిని, మూలంలో ఉన్న దానిని కూడా విడదీయాలి. జపాన్‌లో 1989లో తయారైన జంగిల్ బుక్ ధారావాహిక 1993లో దూరదర్శన్‌లో హిందీలో వచ్చింది. మన తరం గుండెలో నిలిచిన ఆ పాట గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ స్వరపరచినది, పులి షేర్ ఖాన్‌కు హిందీలో నానా పాటేకర్ గొంతు ఇచ్చారు. జపాన్ మూలంలో ఇవేవీ లేవు. కందుకూరులోనో, ఉదయగిరిలోనో హిందీ ముక్క రాని పిల్లలు కూడా ఆ పాటను కంఠతా పాడారంటే, ఆ ఘనతలో పెద్ద వాటా భారతీయ రూపానిదే. 2009లో ఖుషీ టీవీ పూర్తిగా తెలుగులో పిల్లల చానల్‌గా మొదలైన తరువాత పెరిగిన వారికి ఇదే ప్రశ్న తెలుగు డబ్బింగ్ విషయంలో వస్తుంది. మూలాన్ని ఒక వరుసలో, మన దగ్గరకు వచ్చిన రూపాన్ని దాని కింద మరో వరుసలో రాసుకుంటే గందరగోళం ఉండదు.

ప్రభావానికి ఆధారాలు

ప్రభావం ధారావాహిక లోపల కనిపించదు, దాని బయట వెతకాలి. అది లేకపోతే ఏది జరిగేది కాదో చూపించగలిగినప్పుడే ప్రభావం ఉన్నట్టు. రెండవ నోటుపుస్తకంలో ఆధారం లేని ఒక్క వాక్యం కూడా రాయకూడదని నా పట్టుదల.

కొన్ని ఆధారాలు వృత్తిలో దొరుకుతాయి. 1960లో ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ అమెరికాలో రాత్రివేళ, కుటుంబమంతా టీవీ ముందు కూర్చునే సమయంలో వచ్చి, 166 ఎపిసోడ్లు నడిచి, కార్టూన్ అంటే పిల్లలకే అన్న అంచనాను సడలించింది. సింప్సన్స్‌కు దారి వేసింది అదే. 1963 జనవరి 1న ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ జపాన్‌లో మొదలై, వారానికి అరగంట చొప్పున యానిమేషన్ కథ చెప్పవచ్చునని నిరూపించింది. ఈ రోజు ప్రపంచం యానిమే అని పిలిచే టెలివిజన్ రూపం అక్కడ నుంచి సాగింది. ప్రభావమంటే మేలు మాత్రమే కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. తెజుకా అప్పట్లో ఒప్పుకున్న తక్కువ ధర తరువాతి సంస్థలకు కొలమానమై, జపాన్ యానిమేటర్ల తక్కువ జీతాలకు ఒక కారణమైందని చాలామంది విమర్శకులు అంటారు. ఆ మాటను కూడా నోటుపుస్తకంలో రాయాలి, అయినా స్థానం తగ్గించనక్కరలేదు, ఎందుకంటే మనం కొలుస్తున్నది ముద్ర లోతును.

కొన్ని ఆధారాలు భాషలో, ప్రభుత్వ నిర్ణయాలలో, నిబంధనలలో ఉంటాయి. సింప్సన్స్ కుటుంబంలో తండ్రి హోమర్ సింప్సన్ నాలుక కరుచుకున్నప్పుడల్లా అనే ‘డో’ 2001లో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో చేరింది. 2008లో జపాన్ విదేశాంగ శాఖ డోరేమాన్‌ను యానిమే రాయబారిగా నియమించింది. బ్యాట్‌మన్ ధారావాహిక కోసం 1992లో కొత్తగా సృష్టించిన హార్లీ క్విన్ అనే పాత్ర అక్కడ నుంచి కామిక్ పుస్తకాలలోకి, ఆ తరువాత సినిమాలలోకి వెళ్ళింది. సాధారణంగా పాత్రలు ప్రయాణించే దారికి ఇది ఎదురుదారి, అందుకే బలమైన ఆధారం. 1997 డిసెంబరు 16న ప్రసారమైన ఒక పోకెమాన్ ఎపిసోడ్‌లో వేగంగా మెరిసిన ఎరుపు, నీలం వెలుగుల వల్ల జపాన్‌లో 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ధారావాహిక నాలుగు నెలలు ఆగింది, మెరిసే దృశ్యాల గురించి ప్రసార సంస్థలు మార్గదర్శకాలు తెచ్చుకున్నాయి. ఒక దేశపు ప్రసార పద్ధతులే మారినప్పుడు ఆ ప్రభావాన్ని ఎవరూ కాదనలేరు. అయినా పోకెమాన్ ఎపిసోడ్లలో కథ ఒకే మూసలో తిరుగుతుందని నా తీర్పు కనుక, నియమం ప్రకారం అది నా జాబితాలోకి రాలేదు. ఈ నిర్ణయం మీద మీకు నాతో పేచీ ఉండవచ్చు. నాణ్యత నోటుపుస్తకంలో మీ కారణం రాసి లోపలికి తీసుకోండి.

మన ప్రాంతంలో ప్రభావాన్ని చూడదలచుకుంటే నెల్లూరు ట్రంకు రోడ్డు దుకాణాల్లో వేలాడే స్కూలు బ్యాగులు, రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు పరిసరాల్లో వెలిసే బొమ్మల అంగళ్ళు, పుట్టినరోజు కేకుల మీద వేసే బొమ్మలు మంచి చోట్లు. అయితే బ్యాగు మీద బొమ్మ ఉండడానికి పిల్లల ప్రేమ ఎంత కారణమో, వ్యాపార సంస్థల ప్రచారమూ అంతే కారణం. దానికంటే నమ్మదగిన ఆధారం పిల్లలు డబ్బు ఖర్చు లేకుండా చేసే పనులలో దొరుకుతుంది. వీధిలో ఆడుకునేటప్పుడు ఎవరి పాత్ర ఎవరికి పంచుకుంటున్నారు, బొద్దుగా ఉన్న స్నేహితుడిని ఏ పేరుతో పిలుస్తున్నారు, లడ్డూ చేతిలోకి తీసుకుని బలం వచ్చిందని ఎవరిని అనుకరిస్తున్నారు అన్నవి గమనించి రాసుకోవాలి. పెద్దలను కూడా అడగాలి. వారు చూడకపోయినా పాత్ర పేరు తెలిసి ఉంటే ఆ ధారావాహిక పిల్లల గది దాటి బయటకు వచ్చిందని లెక్క.

కొత్తవాటి విషయంలో తొందరపడకూడదు. 2021లో వచ్చిన ‘ఆర్కేన్’ మరుసటి ఏడాది అమెరికా టెలివిజన్ రంగపు ఎమ్మీ పురస్కారం గెలిచింది. ఉత్తమ యానిమేషన్ కార్యక్రమంగా ఎమ్మీ గెలిచిన తొలి ఇంటర్నెట్ ప్రసార ధారావాహిక అదే. నాణ్యతలో దానికి సందేహం లేని చోటు ఉంది. దాని ముద్ర ఎంత లోతైనదో తెలియడానికి మాత్రం, దానిని చూసి పెరిగినవారు తమ సొంత కథలు తీసే వరకు ఆగాలి. పదేళ్ళు నిండని ధారావాహికల స్థానాన్ని నేను పెన్సిలుతో రాస్తాను.

జంటలుగా పోల్చడం

ప్రవేశం నిర్ణయించిన తరువాత ఒక్కొక్కదానికి పదికి ఇన్ని అని మార్కులు వేయవద్దు. సోమవారం వేసిన 7, శుక్రవారం వేసిన 7 ఒకటి కావు. రెండేసి ధారావాహికలను పక్కపక్కన పెట్టి, ఈ రెండింటిలో దేని ముద్ర లోతైనది అని మాత్రమే అడగాలి. ఇరవై ధారావాహికలను ప్రతి జంటగా పోల్చాలంటే 190 పోలికలు అవసరమవుతాయి, అంత శ్రమ అక్కరలేదు. కొత్తగా వచ్చిన దానిని ఇప్పటికే కట్టిన వరుస మధ్యలో ఉన్న దానితో ముందు పోల్చండి. నెగ్గితే పై సగం మధ్యలో ఉన్న దానితో, ఓడితే కింది సగం మధ్యలో ఉన్న దానితో పోల్చండి. పదిహేను ఉన్న వరుసలో కొత్తదాని చోటు నాలుగు పోలికలలో తేలుతుంది. పోలిక తేలకపోతే, ఆ జంటకు మాత్రమే నాణ్యతను అడగాలి. ఒంటరిగా చేయడం కంటే, దూరదర్శన్ కాలం వారు ఒకరు, కేబుల్ టీవీ కాలం వారు ఒకరు, ఫోనులో చూస్తూ పెరిగిన వారు ఒకరు కలిసి కూర్చుంటే మంచిది. ఏకాభిప్రాయం కుదరని జంట దగ్గర ఓడిన వాదనను కూడా ఒక వాక్యంలో రాసి ఉంచాలి.

ఈ పద్ధతితో నేను కట్టిన వరుసలో సింప్సన్స్ మొదటిది. ఆస్ట్రో బాయ్ రెండవది. దాని బొమ్మలు ఇప్పటి కంటికి మోటుగా ఉన్నా, 1963 నాటి పరిమితులలో ఆ యంత్రబాలుడి ఒంటరితనాన్ని చూపిన తీరు ప్రవేశానికి చాలినంత గొప్పది. డోరేమాన్ మూడవది. తరువాత హైదీ, బ్యాట్‌మన్, 1995లో వచ్చి యంత్రమానవుల కథను మనుషుల మానసిక వేదన వైపు తిప్పిన ‘ఇవాంజెలియన్’, ఆపైన అవతార్ వస్తాయి. హైదీని బ్యాట్‌మన్ కంటే పైన ఉంచడం దగ్గర చాలా సేపు ఆగాను. తకహాతా, మియజాకి ఆ తరువాత స్టూడియో జిబ్లీ సంస్థ ద్వారా జపాన్ యానిమేషన్‌కు ఏమి చేశారో తలచుకుంటే, వారి కలయికకు రూపం వచ్చిన ధారావాహికను కింద పెట్టలేకపోయాను.

ఇది ప్రపంచపు వరుస. తెలుగువారికి సొంతంగా మరో వరుస ఉండాలి, రెండింటినీ కలపకూడదు. దానిలో ప్రభావాన్ని మన ఊళ్ళలో మాత్రమే కొలవాలి, నాణ్యత గీతను కొంత కిందికి దించవచ్చు. ఆ వరుసలో పైమెట్టు కోసం పోటీపడేవి జంగిల్ బుక్, ఛోటా భీమ్. రాజీవ్ చిలక స్థాపించిన హైదరాబాదు సంస్థ గ్రీన్ గోల్డ్ తయారు చేసిన ఛోటా భీమ్ 2008లో పోగో చానల్‌లో మొదలై, 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో మాటలు లేని పసిపిల్లవాడి రూపంలో ఇతర దేశాల పిల్లలకూ చేరింది. బొమ్మల నాణ్యతలో, సంగీతంలో జంగిల్ బుక్ ముందుంటుంది. కథలో భీముడు ప్రతిసారీ లడ్డూ తిని గెలుస్తాడన్నది తెలిసిపోవడం ఛోటా భీమ్ లోపం. అయినా నేను ఛోటా భీమ్‌ను పైన పెట్టాను. మార్కాపురంలో బొమ్మలు గీసే పిల్లవాడికి ఇది చెన్నైకో, ముంబైకో, టోక్యోకో వెళ్ళకుండా రాత్రి బస్సు ఎక్కి తెల్లవారేసరికి చేరుకోగల నగరంలో చేసే పని అని మొదటిసారి చూపించినది అదే. దాని ఎదురుగా, ఓడిన వాదన కింద, జంగిల్ బుక్ పాటను ఈనాటికీ మరచిపోని కావలి ఉపాధ్యాయురాలి వంటివారి అభ్యంతరాన్ని పూర్తిగా రాసి ఉంచాను.